ఊదా, ఊదలూ: డాబా మీద ఒక పోలిక

జూన్ 9, 2024

మృగశిర కార్తె ప్రవేశించింది. ఉప్పల్‌లో మేము ఉండే అపార్టుమెంటు డాబా మీద, నా వాటాకు వచ్చిన మూలలో, పన్నెండు మట్టి తొట్లు ఉన్నాయి. ఏటా ఈ రోజుల్లో వాటిలో బెండ, గోరుచిక్కుడు విత్తుకుంటాను. ఈసారి కూరగాయలు మానుకొని, రెండు గడ్డి మొక్కలను పక్కపక్కన పెంచి, విత్తనం నుంచి విత్తనం దాకా పోల్చి చూడాలని నిర్ణయించుకున్నాను. ఒకటి వరిమడిలో కలుపుగా మొలిచే ఊద. రెండోది చిరుధాన్యంగా పండించే ఊదలు. ఏకవచనంలో పలికితే పీకి గట్టున పారేసేది, బహువచనంలో పలికితే కిలో లెక్కన కొనుక్కొచ్చుకునేది. ఇంత దూరపు సంగతిని ఒక్క ‘లు’తో తేల్చిన భాష మనది.

శాస్త్రజ్ఞులు కలుపు ఊదను ఎకినోక్లోవా కొలోనా అనీ, పంట ఊదను ఎకినోక్లోవా ఫ్రుమెంటేసియా అనీ పిలుస్తారు. రెండోది మొదటిదాని నుంచే మన దేశంలో పంటగా మారిందని 1983లో జె.ఎం.జె. డి వెట్, కె.ఇ. ప్రసాదరావు తదితరులు కలిసి ప్రకటించిన పరిశీలన చెబుతుంది. ప్రసాదరావు మన పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పనిచేసినవారు. ఆ సంస్థ జన్యునిధిలో ఈ ఊద జాతుల విత్తన నమూనాలు ఏడు వందలకు పైగా భద్రపరచి ఉన్నాయి. అంటే నేను కనిపెట్టబోయేది ఏమీ లేదు. తల్లికీ బిడ్డకూ తేడా ఎక్కడ మొదలవుతుంది, అది ఇంట్లో దొరికే పనిముట్లతో కొలవగలిగేంతదా అన్నదొక్కటే నా ప్రశ్న. లెక్కలు రాసి బతికినవాడిని కనుక, కొలిచి చూస్తే గాని నాకు నమ్మకం కుదరదు.

విత్తనం కోసం బేగంబజారుకు వెళ్లి మొదటి పాఠం అక్కడే నేర్చుకున్నాను. ఒక కొట్టులో హిందీలో ‘సమా’ అని అడిగితే, ఉపవాసాలకు వండుకునే ఊదల బియ్యం చూపించారు. అదే కొట్టులో తెలుగులో ‘సామలు’ అని అడిగితే, హిందీవారు కుట్కీ అని పిలిచే వేరే ధాన్యం తీసి పెట్టారు. పేరు దగ్గరైనంత మాత్రాన ధాన్యం ఒకటి కాదని గ్రహించి, గింజను చేతిలోకి తీసుకొని చూసుకొని, ఊదలు ఒక కిలో తెచ్చుకున్నాను. తెచ్చినవాటిలో గుప్పెడు తీసి తడిగుడ్డలో మూటకట్టి ఉంచితే మూడో రోజుకు పులిసిన వాసన వచ్చింది గాని మొలక రాలేదు. నేను కొన్నది పొట్టు తీసి, మెరుగు పట్టిన బియ్యం. మర ఆడించేటప్పుడే దాని మొలకభాగం పోయింది. తప్పు అమ్మినవారిది కాదు, బియ్యం కొని వడ్లు ఆశించినవాడిది.

జూన్ 17

జహీరాబాద్ వైపు వ్యవసాయం చేసే ఒక పరిచయస్థుడు పొట్టుతో ఉన్న ఊదలు పావుకిలో పంపించాడు. కలుపు ఊద విత్తనం నా దగ్గర ఇదివరకే ఉంది. కిందటి నవంబరులో ప్రతాపసింగారం దగ్గర మూసీ నీళ్లతో పండే వరిమళ్ల గట్ల వెంట దులిపి తెచ్చి, పచ్చడి సీసాలో పోసి ఉంచాను.

పత్తర్‌గట్టిలో ముత్యాల వ్యాపారులు కంటికి ఆనించుకొని చూసే పది రెట్ల భూతద్దం ఒకటీ, గ్రాములో నూరో వంతు చూపించే చిన్న తక్కెడ ఒకటీ కొన్నాను. ఒక్కొక్క గింజను తూచేంత సున్నితం ఆ తక్కెడకు లేదు కాబట్టి, రెండు రకాల నుంచీ ఐదేసి వందల గింజలు లెక్కపెట్టి తూచాను. లెక్కపెట్టడానికి ఒక ఆదివారం మధ్యాహ్నమంతా పట్టింది. పొట్టుతో సహా ఐదు వందల పంట గింజలు 1.56 గ్రాములు, ఐదు వందల కలుపు గింజలు 0.61 గ్రాములు తూగాయి. పంట గింజ దాదాపు రెండున్నర రెట్లు బరువు.

పొడవులో మాత్రం తేడా అంత లేదు. గ్రాఫ్ కాగితం మీద పది గింజలను కొసకు కొస తాకేలా వరుసగా పేర్చి కొలిస్తే పంటవి 33 మిల్లీమీటర్లు, కలుపువి 25 మిల్లీమీటర్లు వచ్చాయి. బరువంతా నడుములో ఉందన్నమాట. భూతద్దంలో చూస్తే కలుపు గింజ కొస సూదిగా దిగిపోయి, సన్నటి నూగుతో, నెరసిన గడ్డం గరుకును గుర్తుకు తెచ్చింది. పంట గింజ కూడా ఒకవైపు చదునుగా, మరోవైపు ఉబ్బుగానే ఉంది గాని, ఆ ఉబ్బు ఎంతగా పెరిగిందంటే, దాన్ని మూసి ఉంచాల్సిన పై పొరలు చాలక, లోపలి నున్నటి పెంకు పక్కల నుంచి కనిపిస్తోంది. బిడ్డ ఎదిగినా పాత చొక్కాయే తొడిగినట్టుంది.

గింజ అని రాస్తున్నాను గాని, ఖచ్చితంగా చెప్పాలంటే ఇది చిరుకంకి. ఒక్కొక్క చిరుకంకిలో రెండు పూలు ఉంటాయి. కిందిది గొడ్డుది, పైదే గింజ కట్టేది.

జూలై 5

మొలక పరీక్ష ముగిసింది. రెండు రకాల నుంచి యాభయ్యేసి గింజలను తడిపిన కాగితం మీద పరచి, మూతపెట్టిన గాజు గిన్నెల్లో కిటికీ పక్కన ఉంచాను. అదే లెక్కన మరో జతను స్టీలు డబ్బాలో పెట్టి, వెలుతురు సోకకుండా బీరువాలో దాచాను.

పంట గింజలు వెలుతురులో నాలుగో రోజుకే యాభైలో 46 మొలిచాయి. ఆ తర్వాత ఒక్కటి కూడా రాలేదు. మొలవాల్సినవి అన్నీ ఒకేసారి లేచి కూర్చున్నాయి. కలుపు గింజల తీరు వేరు. మూడో రోజు నాలుగు, ఐదో రోజు తొమ్మిది, ఒక రోజు ఏమీ లేదు, మళ్లీ ఆరు, ఇలా పన్నెండు రోజులు సాగి మొత్తం 31 దగ్గర ఆగాయి. చీకటి డబ్బాలో పంట గింజలు 43 మొలిస్తే, కలుపు గింజలు 8 మాత్రమే మొలిచాయి.

కలుపు మొక్కకు ఇదే బతుకుతెరువు. గింజలన్నీ తొలకరికే మొలిస్తే ఒక్క దుక్కితో వంశం అంతరిస్తుంది. అందుకే కొన్ని ఇప్పుడు, కొన్ని తర్వాత, కొన్ని మరుసటి ఏడు. వెలుతురు తగలకపోతే తాను మట్టి లోతులో ఉన్నట్టు దానికి తెలుస్తుంది. అంత చిన్న గింజలో ఉన్న తిండి లోతు నుంచి పైకి రావడానికి సరిపోదు. రైతు దున్ని పైకి తెచ్చినప్పుడే మేలుకుంటుంది. పంట ఊదకు ఈ జాగ్రత్త అవసరం లేదు, ఎందుకంటే దాని తరఫున జాగ్రత్తపడే మనిషి ఒకడు ఉన్నాడు. విత్తిన వాటిలో ఆలస్యంగా మొలిచినవి కోతకు అందవు. కోతకు అందనివి మరుసటి ఏటి విత్తనంలో చేరవు. ఎవరూ పనిగట్టుకొని ఏరకపోయినా, ఏటా విత్తి కోయడమే ఆ ఏరివేతను చేసిపెట్టి ఉంటుంది.

మొలకలను ఆరు తొట్లలో కలుపు ఊదగా, ఆరు తొట్లలో పంట ఊదగా నాటి, ఐస్‌క్రీం పుల్లల మీద పేర్లు రాసి గుచ్చాను.

జూలై 14

పని మొదటికి వచ్చింది. పంట ఊద తొట్లలో తొట్టికి నాలుగేసి మొలకలు నాటాను. మొన్న ఉదయం ఒకదానిలో పదకొండు, మరొకదానిలో తొమ్మిది మొక్కలు కనిపించాయి. ఇందుకు కారణం నేనే. తొట్లు నింపడానికి ఒక చెరువు శిఖంలో తీసిన ఒండ్రుమట్టి తెప్పించాను. చెరువు మట్టి బలమైనదని నలుగురూ చెప్పే మాట నిజమే గాని, అందులో ఎన్నేళ్ల కలుపు విత్తనం నిద్రపోతోందో ఆలోచించలేదు. ఇప్పుడు ఏది నాటినది, ఏది తనంతట తాను వచ్చినది అన్నది చెప్పలేను. దీనికి తోడు, వానకు పుల్లల మీది సిరా చెరిగిపోయింది.

మొక్కలన్నీ పీకేసి, పాత మట్టిని కింద ప్రహరీ పక్కన పారబోశాను. వేసవి అయితే ప్లాస్టిక్ కప్పి ఎండకు ఉడకబెట్టవచ్చు. జూలైలో అది సాధ్యం కాదు. కొత్త ఎర్రమట్టిని పెద్ద డేక్సాలో పోసి, అడుగున నీళ్లు, మధ్యలో చిల్లుల పళ్లెం పెట్టి, ఇడ్లీల పద్ధతిలో విడతకు గంటసేపు ఆవిరి పట్టించాను. పన్నెండు తొట్లకు మట్టి సరిపడేసరికి రెండు రోజులు పట్టింది, గ్యాసు బండ ఒకటి దాదాపు ఖాళీ అయ్యింది. మా వాచ్‌మన్ రెండు బస్తాలు పైకి మోసి, “సార్, మన్ను ఉడకబెడ్తున్నరా, గడ్డి కోసం?” అని అడిగాడు. అవునన్నాను. అతను ఇంకేమీ అడగలేదు.

జూలై 18న మళ్లీ నాటుతాను. ఈసారి గుర్తు కోసం తొట్లకే రంగు పూస్తాను.

ఆగస్టు 11

నాటి ఇరవై నాలుగు రోజులైంది. తల్లీబిడ్డలు ఈ వయసులో ఎంత ఒకేలా ఉన్నాయంటే, తొట్ల రంగు లేకపోతే నేను మళ్లీ పొరబడి ఉండేవాడిని. పోలిక సౌకర్యం కోసం పక్కన ఒక కుండీలో వరి కూడా పోశాను.

వరికీ ఊదకూ తేడా పట్టుకోవడం పుస్తకం ప్రకారం తేలిక. వరి ఆకును కాండం నుంచి మెల్లగా వెనక్కి వంచితే, ఆకు మొదలయ్యే చోట తెల్లటి పొర ఒకటి నాలుకలా లేచి ఉంటుంది, దాని పక్కన నూగుతో చిన్న చెవులు రెండు ఉంటాయి. ఊదకు నాలుకా లేదు, చెవులూ లేవు. ఆకు, దాని ఒర కలిసే చోట నున్నగా, ఏదో మరిచిపోయినట్టు ఖాళీగా ఉంటుంది. కలుపు ఊదకూ పంట ఊదకూ ఇద్దరికీ ఇదే లక్షణం. వరి లాగా కాక, ఎండ తీవ్రతను బాగా వాడుకునే సీ-ఫోర్ పద్ధతిలో ఆహారం తయారు చేసుకోవడం కూడా వీటి ఉమ్మడి ఆస్తే. అందుకే వేడిమిలో వరి కంటే వేగంగా పెరిగి దాని వెలుతురును, ఎరువును కాజేస్తుంది.

మా అమ్మ నల్లగొండ జిల్లాలో చిన్నప్పటి నుంచి పెళ్లయ్యేదాకా కలుపు తీసిన మనిషి. ఆమెను డాబా మీదికి తీసుకొచ్చి, భూతద్దం చేతికిచ్చి నాలుక సంగతి వివరించబోయాను. ఆమె అద్దాన్ని తీసుకోలేదు. వంగి, వరి మొక్క మొదలును, ఊద మొక్క మొదలును రెండు వేళ్ల మధ్య నలిపి చూపించింది. “బిడ్డా, నువ్వు ఆకు చూస్తున్నవు. మడిల నీళ్లుండంగ ఆకు వంచి చూస్తె తెల్లారుతదా? మొదలు పట్టు. వరి గుండ్రంగ ఉంటది, ఊద నొక్కినట్టుంటది, అడుగున ఎరుపుంటది.” ఆ తర్వాత, అడగకుండానే, కలుపు తొట్టి దగ్గర ఆగి, “ఇది మన ఊరి ఊద” అంది; పంట తొట్టి దగ్గర ఆగి, “ఇది ఊదే గని, బాగ తిన్నది” అంది. రంగుల సంకేతం ఆమెకు నేను చెప్పలేదు.

ఆమె ఏం చూసి చెప్పిందో తర్వాత కొలిచి తెలుసుకున్నాను. కలుపు ఊద పిలకలు నేలకు దగ్గరగా వాలి, కణుపుల దగ్గర మోకాలు వంచినట్టు వంగి పైకి లేస్తున్నాయి. పంట ఊద పిలకలు నిటారుగా ఉన్నాయి. కలుపు తొట్లలో మొక్కకు సగటున ఏడు పిలకలు, పంట తొట్లలో నాలుగు. ఆకు వెడల్పు కలుపుకు 5 మిల్లీమీటర్లు, పంటకు 13. కలుపు మొక్కల్లో కొన్నిటి ఆకుల మీద అడ్డంగా ఊదారంగు పట్టీలు వచ్చాయి. ఊద మీద ఊదారంగు అన్న మాట ఎంత ఊరించినా, దాని నుంచి పేరు పుట్టుక కథ అల్లడం లేదు. పట్టీ లేని మొక్కలు కూడా అవే తొట్లలో ఉన్నాయి.

ఆగస్టు 28

కలుపు ఊద పూతకు వచ్చింది. నాటి నలభై ఒక్క రోజులు. పంట ఊదలో పొట్ట జాడ కూడా లేదు.

కలుపు ఊద కంకి సన్నగా, నిలువుగా ఉంది. వేలి కణుపంత పొడవున్న రెమ్మలు పది దాకా, ఒకదానికొకటి తగలకుండా, మధ్యలో కాడ కనిపించేంత ఎడంగా ఉన్నాయి. రెమ్మ మీద చిరుకంకులు నాలుగు వరుసలుగా, దువ్వి కూర్చినట్టు పొందికగా అమరి ఉన్నాయి.

ఒక తొట్టిలోని మొక్క మాత్రం మిగతావాటికి భిన్నంగా, పొడవాటి మీసాలతో, రెమ్మల మీద మళ్లీ రెమ్మలతో, వరుస తప్పిన చిరుకంకులతో కంకి వేసింది. ఇది మూడో జాతి, ఎకినోక్లోవా క్రుస్‌గల్లి. ఆ లాటిన్ మాటకు కోడికాలు అని అర్థం. ప్రతాపసింగారంలో నేను దులిపిన గట్టు మీద రెండూ కలిసి ఉండి ఉంటాయి. దాన్ని తీసేశాను, తీసేముందు ఒక కంకిని కాగితాల మధ్య నొక్కి దాచాను, ఎందుకంటే దానికి ఈ కథలో స్థానం ఉంది. జపాన్‌లో పండించే ఊదలు మన ఊదలు కావు. వాటి పూర్వీకురాలు ఈ కోడికాలు గడ్డి. యబునో అనే జపాన్ శాస్త్రవేత్త ఈ జాతులను ఒకదానితో ఒకటి సంకరం చేసి, 1962లో ఆ లెక్క తేల్చాడు. మన కలుపు ఊదను మన పంట ఊదతో కలిపితే పుట్టిన మొక్కలు గింజ కట్టాయి. కోడికాలు గడ్డిని మన పంట ఊదతో కలిపితే పుట్టినవి గొడ్డువయ్యాయి. మూడింటిలోనూ క్రోమోజోములు 54. తొమ్మిదేసి చొప్పున ఆరు వరుసలు. సంఖ్య కలిసినా సంబంధం కలవలేదన్నమాట. ఒకే పేరుతో, ఒకే తీరుతో, రెండు దేశాల్లో రెండు వేర్వేరు కలుపు మొక్కలు వేర్వేరుగా పంటలయ్యాయి.

నేనూ ఒక సంకరం చేసి చూద్దామని ఉదయం ఆరు గంటలకు సూదితో, భూతద్దంతో కూర్చున్నాను. మూడు మిల్లీమీటర్లు లేని పూవులో నుంచి కేసరాలు తీయడం నా వేళ్ల వల్ల అయ్యే పని కాదని ఏడున్నరకు ఒప్పుకున్నాను.

సెప్టెంబరు 2

రెండు రోజులు ఆగకుండా వాన. డాబా మీద నీళ్లు పోయే తూము మూసుకొని, తొట్లు చీలమండ లోతు నీటిలో నిలిచాయి. పంట ఊద రెండు తొట్లలో పడిపోయింది. కర్రలు పాతి కట్టాను. కలుపు ఊద ఎటూ సగం పడుకొనే పెరుగుతుంది కాబట్టి దానికి పడేందుకు ఏమీ మిగల్లేదు. నేలను తాకిన కణుపుల నుంచి కొత్త వేళ్లు దింపింది.

సెప్టెంబరు 15

ఒక వారం ఊరికి వెళ్లి వచ్చేసరికి కలుపు ఊద మొదటి కంకులు ఖాళీ అయ్యాయి. పై రెమ్మలు ఎండి, వాటి మీద చిరుకంకులు ఉండాల్సిన చోట పంటి గాట్ల వంటి గుర్తులు మాత్రం మిగిలాయి. అదే కంకిలో కింది రెమ్మలు ఇంకా పచ్చగా ఉన్నాయి. పూత పై నుంచి కిందికి దిగుతుంది. పండిన గింజ పండినట్టే రాలిపోతుంది. కాబట్టి కంకి మొత్తం ఒకేసారి పండి నిలబడే రోజు కలుపు ఊద జీవితంలో ఎప్పుడూ రాదు. దీన్ని కొడవలితో కోయబోతే, ఎప్పుడు కోసినా సగం పచ్చి, మిగతా సగం నేలపాలు.

నేను కొలవాలనుకున్నది దీన్నే. కొలవకముందే సరుకు రాలిపోయింది. అమ్మ పాత నూలు చీర అంచు చింపి, వేలెడు పొడవు సంచులు కుట్టి ఇచ్చింది. మూడు రోజుల క్రితం పూతకు వచ్చిన ఆలస్యపు పిలకల కంకులు మూడిటికి సంచులు తొడిగి, మొదట్లో దారం కట్టాను. అదే రోజుల్లో పంట ఊద కూడా పూతకు రావడం నా అదృష్టం. దాని కంకులు మూడిటికీ తొడిగాను. పంట కంకి అరచేయంత పొడవు, లావు. రెమ్మలు ఒకదాని మీద ఒకటి ఒరిగి, లోపలికి వంగి, కాడ ఎక్కడా కనిపించకుండా గుప్పిట మూసినట్టు ఉంది.

అక్టోబరు 13

నిన్న దసరా. బతుకమ్మ తొమ్మిది రోజులూ డాబా మీద గునుగు పూలు ఎండుతూ ఉన్నాయి. గునుగు కూడా చేలలో కలుపే. మన పండుగ దానికి ఇచ్చిన చోటు ఊదకు దక్కలేదు.

పూత నుంచి ముప్పై ఒకటో రోజున, ఈ ఉదయం, గాలి లేని వేళ చూసి సంచులు విప్పాను. ముందుగా తమంతట తామే సంచిలో రాలినవాటిని వేరు చేశాను. తర్వాత కంకిని తెల్ల కాగితం మీదికి వంచి, పెన్సిలుతో కాడ మీద పదిసార్లు ఒకే తీరుగా తట్టాను. మిగిలినవాటిని చేత్తో దూశాను.

కలుపు ఊద మూడు కంకుల్లో కలిపి 540 చిరుకంకులు. సంచిలో వాటంతట అవి రాలినవి 452. తడితే రాలినవి 61. పట్టుకొని ఉన్నవి 27. వాటిలో చాలావరకు తాలు.

పంట ఊద మూడు కంకుల్లో కలిపి 9.4 గ్రాములు, అంటే మూడు వేల గింజలకు కొంచెం పైన. సంచిలో రాలినది 0.06 గ్రాము. తడితే రాలినది 0.15 గ్రాము. మిగిలినదంతా కంకికే ఉంది. దాన్ని చేత్తో దూయడానికి బొటనవేలి చర్మం ఎర్రబడింది.

జూన్ నుంచి రాసుకున్న కొలతల్లో బరువు రెండున్నర రెట్లు, ఆకు వెడల్పు రెండున్నర రెట్లు, పిలకలు సగానికి దగ్గర. ఇవన్నీ ఎక్కువ తక్కువల తేడాలు. మంచి మట్టి, మంచి ఎరువు పడితే కొంత అటూ ఇటూ జరుగుతాయి. రాలడం అటువంటిది కాదు. ఒకవైపు నూటికి తొంభై అయిదు, మరోవైపు నూటికి రెండు.

గింజ విడిన చోటును భూతద్దంలో చూశాను. కలుపు ఊద కాడ కొన మీద గుండ్రటి, నున్నటి మచ్చ ఉంది. బొత్తం విప్పిన తర్వాత మిగిలే కాజాలా శుభ్రంగా ఉంది. అక్కడ ఒక పొర ముందే సిద్ధమై, గింజ పండగానే దాన్ని వదిలిపెడుతుంది. పంట ఊద కాడ కొన చిరిగింది, పీచులు లేచాయి. అది వదలలేదు, నేను తెంపాను.

నవంబరు 3

కొత్త గింజలతో మొలక పరీక్ష మళ్లీ చేశాను. ఈ సెప్టెంబరు, అక్టోబరుల్లో పండిన కలుపు గింజలు యాభైలో రెండు వారాలకు రెండే మొలిచాయి. పచ్చడి సీసాలో ఏడు నెలలకు పైగా ఆరిన పాత గింజలకు జూన్‌లో వచ్చిన 31 తో పోలిస్తే ఇది నిద్రే గాని చావు కాదు. కొత్త పంట గింజలు యాభైలో 41 మొలిచాయి.

మిగిలిన పంట ఊదలను అమ్మ రోట్లో దంచింది. పొట్టు నున్నటి పెంకులా ఉండి రోకలి కింద జారిపోతుంది. మూడుసార్లు దంచి, మూడుసార్లు చెరిగితే గాని తెల్లబడలేదు. ప్రతాపసింగారం గింజలు రెండు గుప్పెళ్లు మిగిలితే వాటినీ దంచించాను, అరచెంచా బియ్యం వచ్చింది. రెండూ వేర్వేరు గిన్నెల్లో ఉడికించి, కళ్లు మూసుకొని రుచి చూస్తే ఏది ఏదో నేను చెప్పలేకపోయాను. అమ్మ చెప్పగలిగింది గాని, కలుపు ఊదలో ఇసుక పంటికి తగిలింది కాబట్టి ఆ పరీక్షను లెక్కలోకి తీసుకోవడం లేదు.

వచ్చే ఏటికి ఒక పని మిగిలింది. డి వెట్, ప్రసాదరావు బృందం పంట ఊదలో నాలుగు తెగలను గుర్తించింది: లాక్సా, రోబస్టా, ఇంటర్మీడియా, స్టొలోనిఫెరా. నేను పెంచినది లావాటి కంకిని బట్టి రోబస్టాకు దగ్గరగా కనిపిస్తోంది. స్టొలోనిఫెరా చూడడానికి అచ్చం కలుపు ఊదలాగే ఉంటుందట. తేడా ఒక్కటే, దాని గింజ రాలదు. ఆ విత్తనం దొరికితే ఆకు, పిలక, రెమ్మ అన్నీ ఒకటైనచోట పెన్సిలుతో తట్టడం తప్ప వేరే దారి ఉండదు. అమ్మ మొదలు పట్టి చూసి చెప్పగలదా అన్నది కూడా అప్పుడే తేలుతుంది.

సాయంత్రం వాచ్‌మన్ పిలిస్తే కిందికి దిగాను. జూలైలో నేను పాత మట్టి పారబోసిన చోట, ప్రహరీ పక్కన, మోకాలెత్తు గడ్డి గుబురు పెరిగి ఉంది. వంగి ఒక ఆకును వంచి చూశాను. నాలుక లేదు, చెవులు లేవు. కంకులన్నీ అప్పటికే ఖాళీ. “పీకేయాల్నా సార్, మీరు పెట్టినయేనా?” అని అడిగాడు. పీకేయమన్నాను. అతను వేళ్లు దులిపితే మట్టితో పాటు కాళ్ల మీద ఇంకొన్ని గింజలు రాలాయి.